మూలపాఠస్వాతంత్ర్యము - లేఖారహస్యము

రహస్యమును బహిరంగమును బరస్పరవిరుద్ధములని లోకవ్యవహారము. రహస్యమైనది పదుగురికిఁ దెలియరాదు. పదుగురికిఁ దెలిసినది రహస్యము గాదు. అయినను గణనయంత్రముల చరిత్రమునందు గడచిన నలువది యేండ్లుగా నడచుచున్న వివాదమును సావధానముగాఁ బరిశీలించినచో, నీ రెండును నొకదాని నొకటి పోషించునవియే యని తేలును. ఏది బహిరంగముగా నుండవలెను, ఏది రహస్యముగా నుండవలెను అను విభాగమును సరిగాఁ జేయకపోవుటయే చిక్కున కంతకును మూలము. యంత్రమును నడపు విధి బహిరంగముగా నుండవలెను. ఆ యంత్రముద్వారమునఁ బోవు లేఖ రహస్యముగా నుండవలెను. నేఁడు పెక్కుచోట్ల నిది తలక్రిందులై యున్నది. విధి యజమానుని పెట్టెలో దాఁగియున్నది; సామాన్యుని యుత్తరము మాత్ర మా యజమానుని కన్నులయెదుట విప్పియున్నది. ఈ వ్యత్యయ మెట్లు కలిగెనో, దానిని సరిదిద్దుటకు జరిగిన ప్రయత్నము లెట్టివో నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా సంజ్ఞలు. సాఫ్టువేరనఁగా గణనయంత్రము చేయవలసిన పనిని నిర్దేశించు విధుల సముదాయము. మనుష్యుఁడు దానిని వ్రాయునపుడు చదువుకొనుటకుఁ దగిన సంకేతభాషలో వ్రాయును. దీనికి సోర్సు కోడని పేరు. ఇచట మూలపాఠమని వ్యవహరింపఁబడును. తరువాత నది సున్నలును నొకట్లును మాత్రమే గల యంత్రరూపమునకు మార్పఁబడును. యంత్రరూపమును నడపవచ్చునే కాని చదివి తెలిసికొనుట మిక్కిలి కష్టము. మూలపాఠము సూత్రమువంటిది; యంత్రరూపము సిద్ధరూపమువంటిది. "రామేణ" యను రూప మెఱిఁగినవాఁడు దానిని బ్రయోగింపఁగలఁడు. అందలి ణకార మేల వచ్చెనో సూత్ర మెఱిఁగినవాఁడే చెప్పఁగలఁడు. తప్పున్నచో నతఁడే దిద్దఁగలఁడు.

పాణిని సూత్రము లించుమించుగా నాలుగువేలు. వానియందలి న్యూనతలను గాత్యాయనుఁడు వార్తికములచేఁ బూరించెను. ఆ రెంటిని బతంజలి భాష్యమున విచారించి, కొన్నిచోట్ల వార్తికకారుని మాటను ద్రోసిపుచ్చి సూత్రకారుని సమర్థించెను. ఈ మునిత్రయమునందుఁ దరువాతివానికిఁ బ్రామాణ్య మధికమని వైయాకరణుల సమయము. గురువును దిద్దుట గురుద్రోహముగా నెంచఁబడలేదు, శాస్త్రసేవగా నెంచఁబడినది. సూత్రపాఠ మధికారు లందఱకు లభ్యమై యుండుటచేతనే యిది సాధ్యమయ్యెను. పాణిని సిద్ధరూపముల పట్టికను మాత్రమిచ్చి సూత్రములను దాఁచుకొనియుండినచో వార్తికమునకుఁ జోటును లేదు, భాష్యమునకుఁ బనియు లేదు.

విధి బహిరంగము, లేఖ రహస్యము అను విభాగమును యంత్రయుగమునకుఁ బూర్వమే స్పష్టముగాఁ జెప్పినవాఁ డొక భాషోపాధ్యాయుఁ డగుట పండితులకు సంతోషకరము. ఆగుస్తు కెర్కాఫ్సనునతఁడు 1835-వ సంవత్సరమున హాలండుదేశమునఁ బుట్టి, పారిసునందు జర్మనుభాష బోధించుచుండెను. ఇతఁడు 1883-వ సంవత్సరమున సేనలు వాడు గూఢలిపులఁ గూర్చి యొక సైనికపత్రికలో దీర్ఘవ్యాసము ప్రకటించెను. అందలి యాఱు నియమములలో రెండవది ముఖ్యము. గూఢలిపియొక్క పద్ధతి రహస్యముగా నుండనక్కఱలేదు, అది శత్రువుచేతఁ జిక్కినను హాని కలుగరాదు, తాళపుచెవివంటి సంకేతమొక్కటి రహస్యముగా నున్నఁ జాలును అని దాని తాత్పర్యము. పద్ధతి పదివేలమంది సైనికులకుఁ దెలియక తప్పదు. అంతమందికిఁ దెలిసినదానిపై రక్షణ నాధారపఱచుట యవివేకము. తాళమును జేయు విద్య ఊరివారి కెల్లఁ దెలిసినను, చెవి యింటివానియొద్ద నున్నంతవఱకు నిల్లు భద్రమే.

ఇదే కెర్కాఫ్సు మఱియొక వివాదమునను బాత్రధారి. జర్మనుదేశమున ష్లయరను మతాచార్యుఁడు 1880-వ సంవత్సర ప్రాంతమున వొలాప్యూకను నొక కృత్రిమభాషను గల్పించెను. లోకమున కంతకు నొక్క భాష యుండవలెనని యతని యాశ. కెర్కాఫ్సు దానికిఁ బ్రచారకుఁడై, 1887-వ సంవత్సరమున నేర్పడిన యా భాషాపరిషత్తునకు నాయకుఁ డయ్యెను. వ్యాకరణమును సరళము చేయవలెనని పరిషత్తువారు తలఁపఁగా, భాష తన సొత్తనియుఁ, దన సమ్మతి లేనిదే మార్పు సాగరాదనియు ష్లయరు పట్టుపట్టెను. సంఘము చీలెను, 1891-వ సంవత్సరమునఁ గెర్కాఫ్సు తొలఁగెను, ఆ భాష క్రమముగా క్షీణించెను. వొలాప్యూకు పరిషత్తు పుట్టిన యా 1887-వ సంవత్సరముననే వార్సాపట్టణమున జామెన్‌హాఫను వైద్యుఁ డెస్పెరాంతోభాషను బ్రకటించుచు, భాష యెల్లరి సొత్తనియు, దానిపైఁ దన హక్కు లన్నిటిని విడిచితిననియుఁ దన మొదటి పుస్తకముననే తెలిపెను. ఆ భాష నేఁటికిని మాటాడఁబడుచున్నది. కర్త పట్టు విడువని భాష చీలిపోయెను; విడిచిన భాష నిలిచెను. జయాపజయములకు వేఱు కారణములును గలవు. అయినను విధులపై స్వామ్యము తుదకు విధులకే చేటగుట కిది తగిన యుదాహరణము.

ఇఁక గణనయంత్రముల కథ. మొదటి దినములలో సాఫ్టువేరు యంత్రముతోఁ గూడ నిచ్చు వస్తువేకాని వేఱుగా విక్రయించు వస్తువు కాదు. మూలపాఠమును సాధారణముగా లభించుచుండెను. 1969-వ సంవత్సరము జూను 23-వ తేదిని ఐ.బి.యం. సంస్థ యంత్రమునకును సాఫ్టువేరునకును వేఱువేఱుగా వెల నిర్ణయింతునని ప్రకటించెను. అటుపిమ్మట సాఫ్టువేరు ప్రత్యేకవాణిజ్యమై, మూలపాఠము వర్తకరహస్యముగా మాఱెను. మసాచుసెట్సు శాస్త్రపరిశోధనాలయమున రిచర్డు స్టాల్మనను యువకుఁడు పనిచేయుచుండెను. అచట నొక ముద్రణయంత్రమున మాటిమాటికిఁ గాగితము చిక్కుకొనుచుండఁగా, నా సంగతి పనివారికిఁ దెలియఁజేయు విధమున దాని సాఫ్టువేరును దిద్దఁదలఁచి మూలపాఠ మడిగెను. అది కలిగియున్న వేఱొక విద్యాలయమువాఁడు, ఇతరులకిచ్చుటకుఁ దన యొడంబడిక యంగీకరింపదని చెప్పెను. ఈ వృత్తాంతమును స్టాల్మను పలుమాఱులు చెప్పియున్నాఁడు. అతని మనసు మండినది కాగితముకొఱకుఁ గాదు; తోడిపనివానికి సాయము చేయుటయే నేరమైనందుకు.

స్టాల్మను 1983-వ సంవత్సరము సెప్టెంబరు 27-వ తేదిని గ్నూ అను నుద్యమమును బ్రకటించి, 1985-వ సంవత్సరమున నొక సంస్థను స్థాపించి, 1989-వ సంవత్సరమున జనరల్ పబ్లిక్ లైసెన్సను ననుజ్ఞాపత్రమును వెలువరించెను. జామెన్‌హాఫు చేసినది త్యాగము; ఇతఁడు చేసినది నియమము. త్యాగము చేసిన సొత్తును మఱియొకఁడు కొంచెము మార్చి తన పెట్టెలో దాఁచుకొనవచ్చును. స్టాల్మను గ్రంథస్వామ్యమును విడువక, దానినే సాధనముగాఁ గొని, గ్రంథమును నడపుటకు, చదివి మార్చుటకు, ఇతరుల కిచ్చుటకు, మార్చినదానిని బంచుటకు నెల్లరకు ననుమతి యొసఁగెను. కాని దిద్ది పంచువాఁడు తన మూలపాఠమును నదే షరతుతోఁ బంచవలెనని నియమించెను. విద్యాదానము పొందినవాఁడు విద్యాదాత కావలెనను గురుకులధర్మమే యిచట న్యాయశాసనరూపము దాల్చినది. 1991-వ సంవత్సరమున హెల్సింకీ విద్యార్థి లీనసు టోర్వాల్డ్సు లినక్సను యంత్రనిర్వాహకగ్రంథమును వెలువరించి, మఱుసటియేఁట దాని నీ యనుజ్ఞాపత్రముక్రిందకుఁ దెచ్చెను. నేఁడు లోకమునందలి పెక్కు సర్వరులలోను, ఆండ్రాయిడు ఫోనులలోను నుండున దా లినక్సే.

ఇచట నొక పదవిచారము. ఇంగ్లీషున "ఫ్రీ" యను పదమునకు వెల లేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములు. ఈ సందిగ్ధత వర్తకులకు భీతి గొల్పుచున్నదని 1998-వ సంవత్సరమునఁ గ్రిస్టీను పీటర్సనను నామె "ఓపెన్ సోర్సు" అను పేరు సూచింపఁగా, నది వ్యాప్తి చెందెను. సందేహము తీఱెను గాని ధర్మసంబంధమైన యర్థము సగము జాఱిపోయెనని స్టాల్మను పక్షము. తెలుఁగున నీ చిక్కు లేదు: ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. ఉచితముగా నిచ్చి మూలపాఠమును దాఁచువారు గలరు. వెల గొని మూలపాఠము నిచ్చువారును గలరు. హైదరాబాదున నీ యుద్యమమును నడపు సంఘము తనకు "స్వేచ్ఛ" యనియే పేరు పెట్టుకొనుట యర్థవంతము.

మూలపాఠము బహిరంగ మగుటకును సామాన్యుని లేఖ రహస్య మగుటకును సంబంధ మెట్టిది? 1976-వ సంవత్సరమున విట్‌ఫీల్డు డిఫీ, మార్టిను హెల్మనను నిరువురు గూఢలిపిశాస్త్రమున నూతనమార్గము చూపిరి. అంతవఱకుఁ బంపువానికిని గొనువానికిని నొక్కటే చెవి. దానిని ముందుగా రహస్యముగా నందించుటయే కష్టము. వీరి మార్గమునఁ జెవులు రెండు. ఒకటి యెల్లరకుఁ బ్రకటింపఁదగినది. రెండవది యజమానునియొద్దనే యుండునది. మొదటిదానితో మూసిన లేఖ రెండవదానితోఁ గాని తెఱవరాదు. 1991-వ సంవత్సరమున ఫిలిపు జిమ్మర్మను ఈ విద్యను సామాన్యుల కందుబాటులోఁ దెచ్చు పీజీపీ యను సాఫ్టువేరు వ్రాసి మూలపాఠముతోఁ బంచెను. అమెరికా శాసనముల ప్రకారము ప్రబలమైన గూఢలిపి ఫిరంగులతోపాటు యుద్ధసామగ్రిగా లెక్కింపఁబడుచుండెను. ఆ గ్రంథము దేశము దాఁటెనని 1993-వ సంవత్సరమున విచారణ మొదలయ్యెను.

అపుడు జరిగిన సంగతి గ్రంథప్రియులకు స్మరణీయము. యంత్రఫలకముపై నెగుమతి చేయరాని మూలపాఠమును 1995-వ సంవత్సరమున మసాచుసెట్సు విద్యాలయముద్రణాలయమువారు గ్రంథముగా నచ్చువేసిరి. అచ్చుపుస్తకము దేశము దాఁటుటకు నిషేధము లేదు. 1997-వ సంవత్సరమున దాని తరువాతిరూప మిట్లే పుస్తకములుగా యూరపునకుఁ బోయి, పుటపుట యంత్రముచేఁ జదివింపఁబడి, మరల సాఫ్టువేరయ్యెను. జిమ్మర్మనుపై విచారణ 1996-వ సంవత్సరము జనవరిలో నేరారోపణ లేకయే ముగిసెను. 2000-వ సంవత్సరమున మఱియొక వ్యాజ్యమున నమెరికా యున్నతన్యాయస్థాన మొకటి మూలపాఠము భావప్రకటనరూపమే యనియు, వాక్స్వాతంత్ర్యరక్షణకుఁ బాత్రమనియుఁ దీర్పుచెప్పెను. యంత్రమునకు విధియైనది మనుష్యునకు వాక్యమును నగునని న్యాయస్థాన మంగీకరించుట భాషావిదులు గమనింపఁదగిన విషయము.

లేఖకుఁ దాళము దొరికినను, లేఖ నివసించు గృహ మెవరిదను ప్రశ్న మిగిలెను. 1982-వ సంవత్సరమున జాను పోస్టెలు ప్రకటించిన యంత్రలేఖావిధానము ప్రకారము ఏ యంత్రమైనను దపాలాకచేరి కావచ్చును. ప్రతివిద్యాలయము, ప్రతికార్యాలయము తన లేఖలను దానే యుంచుకొనవచ్చును. 2004-వ సంవత్సరము ఏప్రిలు 1-వ తేదిని గూగులు సంస్థ జీమెయిలను పేర నొక గిగాబైటు స్థలమును వెల లేక యిచ్చెను. లేఖలయందలి పదములను యంత్రముచేఁ జదివించి, వానికిఁ దగిన ప్రకటనలను జూపుచుండెను. ప్రకటనలకొఱకుఁ జేయు నీ పఠనమును మానుదునని 2017-వ సంవత్సరమునఁ దెలిపెను. ఇట్లు చిన్నకచేరు లనేకము మూఁతపడి, కోట్లకొలఁది జనుల లేఖలు కొలఁదిపాటి గృహములఁ జేరెను. అన్నియు నొక్కచోటఁ జేరినపు డొక్క ద్వారమును దట్టినఁ జాలును. 2013-వ సంవత్సరము జూనునెలలో ఎడ్వర్డు స్నోడెను వెలువరించిన పత్రములవలన నమెరికా గూఢచారిశాఖ యా ద్వారములను దట్టుచున్నదని లోకమునకుఁ దెలిసెను.

దీనికి విరుగుడుగా సెల్ఫు హోస్టింగు, అనఁగా తన సర్వరును దానే నడపుకొనుట, సామాన్యులయం దొక యుద్యమమయ్యెను. 2010-వ సంవత్సరమున ఎబెను మోగ్లెనను న్యాయశాస్త్రాచార్యుఁడు న్యూయార్కు ప్రసంగమున, అరచేతఁ బట్టు చిన్న పెట్టె ప్రతిగృహమున నుండి యింటివారి లేఖలను, చిత్రములను రక్షింపవలెనని బోధింపఁగా ఫ్రీడంబాక్సను ప్రయత్నము పుట్టెను. ఆ యేఁటనే ఓన్‌క్లౌడును, 2016-వ సంవత్సరమున దానినుండి చీలిన నెక్స్టుక్లౌడును వెలువడినవి. 2012-వ సంవత్సరమున బ్రిటనులో 35 డాలర్ల వెలకు రాస్ప్‌బెరీ పై యను చిన్నయంత్రము లభ్యమయ్యెను. 2015-వ సంవత్సరము డిసెంబరున లెట్స్ ఎన్‌క్రిప్టను సంస్థ, అంతకుముందుఁ బెక్కుచోట్ల వెల గొని యిచ్చుచుండిన భద్రతాప్రమాణపత్రములను ఉచితముగా నెల్లరకు నిచ్చుటకుఁ బ్రారంభించెను. ఈ యుపకరణము లన్నియుఁ గూడుటచే నిపుణులకే సాధ్యమైన పని యొక బడిపంతులునకును సాధ్యమయ్యెను.

ఇచటఁ బూర్వపక్షము. మూలపాఠము బహిరంగమైనచో దొంగయుఁ జదువును గదా? బహిరంగగ్రంథములలోను బెనుదోషములు బయల్పడలేదా? బయల్పడినవి. ఓపెన్ ఎస్సెస్సెల్లను భద్రతాగ్రంథమున 2012-వ సంవత్సరమునఁ జొచ్చిన హార్ట్‌బ్లీడను దోషము 2014-వ సంవత్సరము ఏప్రిలువఱకు లోకమునకుఁ దెలియలేదు. లోకమునందలి వాణిజ్యమంతయు నాధారపడిన యా గ్రంథమునకుఁ బూర్తికాలము పనిచేయువాఁ డానాఁ డొక్కఁడే. 2024-వ సంవత్సరమునఁ గలిగిన ఎక్స్‌జెడ్ ఘటన యంతకంటె ఘోరము. అజ్ఞాతుఁ డొకఁడు మాఱుపేర రెండేండ్లకు మించి సేవచేయుచు, అలసిన గ్రంథపాలకుని నమ్మకమును జూఱగొని, సర్వరుల ద్వారమును దెఱచు దుష్టభాగము నందుఁ జేర్చెను. దాడిని మేల్కొల్పు పంక్తులు బహిరంగముగా నుంచిన మూలప్రతిలో లేవు. పంచిపెట్టిన కట్టలో మాత్రమే యుండెను. పాఠపరిష్కర్తల కిది క్రొత్త సంగతి గాదు. మాతృకను జూడక ప్రతినే నమ్మినచోఁ బ్రక్షిప్తము మూలముగాఁ జెలామణియగును.

సిద్ధాంత మేమనఁగా, బహిరంగత పాఠకుని స్థానమును బూరింపదు. పాఠకునకు స్థాన మిచ్చును. ఎక్స్‌జెడ్ మోసమును బట్టినవాఁడు ఆండ్రెసు ఫ్రాయిండను నిర్మాణకుఁడు. సర్వరులోఁ బ్రవేశించునపుడు క్షణార్ధ మాలస్య మగుచున్నదేమని శంకించి, మూలముదాఁకఁ ద్రవ్వి, 2024-వ సంవత్సరము మార్చి 29-వ తేదిని లోకమునకుఁ జాటెను. అప్పటి కా దుష్టభాగ మధికభాగము పరీక్షాదశయందలి వ్యవస్థలనే చేరియుండెను. మూలపాఠము మూఁతపడియుండినచో నతని శంక శంకగనే నిలిచిపోయెడిది. గ్రంథము తెఱచియుంచుట యొక ధర్మము. చదువువారిని బోషించుట రెండవ ధర్మము. అధ్యేతలు లేని శాఖ యెంత బహిరంగమైనను నశించును.

రెండవ పూర్వపక్షము: ఇంటి సర్వరు పెద్దసంస్థల సర్వరంత భద్రమా? కాదు. విద్యుత్తు పోవును; డిస్కు చెడును; దోషనివారకములఁ గాలానుగుణముగాఁ జేర్పనిచో నిల్లే గుల్లయగును. భారతదేశమునఁ బెక్కుగృహముల కొక్కటే బాహ్యచిరునామా పంచి యిచ్చుటచే వెలుపలినుండి యింటి యంత్రమును జేరుటయుఁ గష్టము. ఇంటినుండి పంపిన లేఖలను బెద్దసంస్థలు తఱచుగాఁ జెత్తలేఖలుగా భావించును. కావున దపాలాకచేరి నడపుటకంటెఁ జిత్రములు, లెక్కలు, వ్రాఁతప్రతులు నింట నుంచుకొనుట సులభము. తాటాకుపుస్తకముల చరిత్ర మీ రెండు పక్షములను జూపియున్నది. ఇంటి యటుకపై నుంచిన కట్టలు చెదల పాలయ్యెను. సంస్థానమున కర్పించినవి సంస్థానముతోఁ జిక్కులఁ బడెను. నిలిచినవి ప్రతులు పెక్కుచోట్ల నున్నవి. 19-వ శతాబ్దమున సి. పి. బ్రౌను పండితులఁ గూర్చి ప్రతులు వ్రాయించుటచే నిలిచిన తెలుఁగుగ్రంథము లెన్ని! కావున నింట నొకటి, మఱియొక యంత్రమున నొకటి, వేఱొక యూర నొకటి యని మూఁడు ప్రతు లుంచుకొనుట యుక్తము. ఒంటరిగాఁ జేయలేనిచో నొక పాఠశాల, యొక గ్రంథాలయము తమవారి కందఱకు నొక్క సర్వరును నడపవచ్చును.

యంత్రరక్షణముతోడనే శాసనరక్షణమును గావలెను. తాళము బలమైనదైనను, దలుపు బ్రద్దలుకొట్టుటకు హక్కెవరి కున్నదను ప్రశ్న న్యాయస్థానమునకే చెందును. ఇందు రాజమహేంద్రవరమునఁ బుట్టిన కోకా సుబ్బారావుగారి పేరు చిరస్మరణీయము. నేరము రుజువుకాక విడువఁబడిన ఖరక్ సింగను నతనిపై రక్షకభటులు నిఘా నుంచి, రాత్రు లింటికి వచ్చి తట్టుచుండిరి. 1962-వ సంవత్సరము డిసెంబరు 18-వ తేదిని సర్వోన్నతన్యాయస్థానము రాత్రివేళ గృహప్రవేశమును గొట్టివేసెను గాని, గోప్యత రాజ్యాంగదత్తమైన హక్కు కాదని యధికసంఖ్యాకు లనిరి. సుబ్బారావుగారు జె. సి. షాగారితోఁ గూడి భిన్నాభిప్రాయము వ్రాసి, గోప్యత వ్యక్తిస్వాతంత్ర్యమున కంగమని నిర్ణయించిరి. ఏఁబదినాలుగేండ్లకుఁ బైని, 2017-వ సంవత్సరము ఆగస్టు 24-వ తేదిని, పుట్టస్వామిగారి వ్యాజ్యమునఁ దొమ్మండ్రు న్యాయమూర్తు లేకగ్రీవముగా గోప్యత మౌలికమైన హక్కని తీర్పిచ్చి, యా పాతతీర్పులోని భాగమును ద్రోసివేసిరి. ఆ తొమ్మండ్రలోఁ గృష్ణామండలమువారగు జాస్తి చలమేశ్వరుగారును నొకరు. 2023-వ సంవత్సరము ఆగస్టు 11-వ తేదిని వ్యక్తిగతసమాచారరక్షణశాసనమునకు రాష్ట్రపతి యామోదము లభించెను. అల్పసంఖ్యాకుల మతము కాలాంతరమున సిద్ధాంత మగుట శాస్త్రములయందువలె శాసనమునందును గలదు. అందులకు భిన్నాభిప్రాయము బహిరంగముగా వ్రాసి భద్రపఱచియుండుటయే కారణము.

ఇట్లు కెర్కాఫ్సు నియమమును, స్టాల్మను ననుజ్ఞాపత్రమును, జిమ్మర్మను పుస్తకమును, సుబ్బారావుగారి తీర్పును నొకే విభాగమును సమర్థించుచున్నవి. పదుగురిని బాలించు విధి పదుగురికిఁ గనఁబడవలెను. ఒకనికిఁ జెందినది యొకనియొద్దనే యుండవలెను. నేఁడు పాఠశాలాపండితునియొద్దను శిష్యుల గుణపట్టికలు, తలిదండ్రుల చిరునామాలు, స్వకీయరచనలు యంత్రమున నుండుట సామాన్యమైనది. అవి యే విధులచే నడపఁబడుచున్నవో, ఆ విధులఁ జదువఁగలవా రెవరో, అవి యెవరి గృహమున నున్నవో తెలిసికొనుట యతని వృత్తిధర్మములలో నొకటి. అన్నిటి నొక్కదినమున మార్చుట యెవ్వరికిని సాధ్యము గాదు. ఒక్క పట్టికను దన యధీనమునకుఁ దెచ్చుకొనినను బ్రారంభమే. శిష్యుని తప్పొప్పులఁ బట్టిక గురుశిష్యుల నడుమ నుండవలసినది. గురువు బోధించు సూత్రము లోకమునకుఁ జెందినది. ఈ రెంటిని గలగాపులగము చేయకుండుటయే యీ చరిత్రమునకు ఫలమని విజ్ఞులు గ్రహింతురు గాక.